ఏటి మధ్య లెక్కల పరీక్ష

పోయిన నెలలో, ఏటి నడుమ లంకలో ఉన్న మా హైస్కూలువాళ్ళు పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సభ పెట్టి నన్ను కూడా పిలిచారు. ఆ బడిలో మొట్టమొదట పదో తరగతి చదివిన తొమ్మిది మందిలో నేనొకదాన్ని. ఆ తొమ్మిది మందిలో ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి పిలుపు నాకు వచ్చింది. కుర్చీల వరసలు చూడగానే లెక్కపెట్టడం నా అలవాటు. పిల్లలు నలభై ఆరుగురు, అందులో ఆడపిల్లలు ఇరవై ఏడుగురు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "అప్పుడు వంతెన లేదంట కదండీ, మరి పరీక్షల కేంద్రానికి ఎలా వెళ్ళేవారండీ?" అని అడిగింది. "పడవ మీద వెళ్ళేవాళ్ళం" అన్నాను. "పడవ ఆలస్యమైతే ఏం చేసేవారండీ?" అంది. "ఒకసారి అయింది. అయినా రాశాం" అని చెప్పి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకు నచ్చలేదు. అది మధ్య మెట్లన్నీ వదిలేసి కింద జవాబు ఒక్కటీ రాసిన లెక్కలా ఉంది. ఆ మెట్లు ఇక్కడ రాస్తాను.

మా ఇంట్లో అప్పుడు గడియారం లేదు. మామ్మ దగ్గుతో తెల్లవారేది. ఆ తర్వాత కొబ్బరి పీచు రాజేసి నీళ్ళ కాగు కింద పెట్టేవారు. ఆ పొగ వాసన దుప్పట్లకీ పరికిణీలకీ నా లెక్కల పుస్తకానికీ కూడా పట్టేసి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పీచు కాలితే నాకు ముందు గుర్తొచ్చేది క్షేత్రగణితం. నీళ్ళు కాగేలోపు మామ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని వరసల కింద వేలు జరుపుతూ కీర్తన చదివేది. ఆవిడకు చదువు రాదన్న సంగతి నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. కీర్తన అంతా నోటికి వచ్చు, వేలు మాత్రం ఊరికే కదిలేది. ఒక రోజు పుస్తకం తలకిందులుగా ఉందని నేను చెబితే, "దేవుడికి అటునుంచి కనబడద్దిలే" అని అదే వేలుతో నా నెత్తి మీద మొట్టింది.

నాన్నగారు కొబ్బరి దింపు పని చేసేవారు. పొద్దున్నే నడుముకు కత్తి కట్టుకుని, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకు తగిలించుకునే తాడు బంధం భుజాన వేసుకుని తోటలకు వెళ్ళి చెట్లెక్కి కాయలు దించేవారు. దించిన కాయలను చేతికి రెండేసి చొప్పున నాలుగు నాలుగుగా విసురుతూ లెక్కపెట్టేవారు. సెలవు రోజుల్లో నేను పక్కన కూర్చుని నాలుగో ఎక్కం అలాగే నేర్చుకున్నాను. అయితే ఆయన అసలు విద్య అది కాదు. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఎన్ని కాయలున్నాయో చెప్పేవారు. తర్వాత లెక్కపెడితే పదో పదిహేనో తేడా వచ్చేది, అంతే. "ముందు కుప్పని చూడాల, ఆనక లెక్కెట్టాల. చూడకుండా లెక్కెడితే తప్పెక్కడ పడిందో నీకే తెలవదు" అనేవారు. నాకు అప్పుడు చూడటం మీద గౌరవం లేదు. కాగితం మీద వేసిన లెక్కే లెక్క అనుకునేదాన్ని.

మా బడి తొమ్మిదో తరగతి దాకానే ఉండేది. పదో తరగతి కావాలంటే రోజూ ఏరు దాటాలి. మగపిల్లల్లో కొందరు దాటేవారు, ఆడపిల్లలు ఆగిపోయేవారు. మా హెడ్మాస్టరు గారు ఏడాదిన్నర తిరిగి పదో తరగతికి అనుమతి తెచ్చారు. అది ఒక్క సంవత్సరానికే ఇచ్చారు. పిల్లలు సరిగ్గా పరీక్షలు రాసి ఫలితాలు బాగుంటేనే కొనసాగుతుంది, లేకపోతే తీసేస్తారు. ఆ సంగతి ఆయన మా దగ్గర దాచలేదు. మొదటి రోజే తొమ్మిది మందినీ నిలబెట్టి, "మీరు తప్పితే మీ వెనకాల తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్ళూ తప్పినట్టే" అని చెప్పారు. మా తొమ్మిది మందిని పోగుచేయడానికే ఆయన ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి మామ్మే, "ఆయన చెప్పులు అరిగిపోతన్నాయిరా, పంపరాదూ" అంది.

పరీక్షల కేంద్రం ఏటికి అవతల, రాజోలు వెళ్ళే దారిలో ఉన్న ఊళ్ళో వేశారు. పరీక్ష తొమ్మిదిన్నరకు మొదలు. అరగంట దాటి వస్తే లోపలికి రానివ్వరు. అవతలి రేవులో దిగాక మైలున్నర గట్టు మీద నడవాలి. మా పడవ నూకరాజు తాతది. సముద్రం దగ్గర కాబట్టి మా ఏటికి ఆటుపోట్లు ఉన్నాయి. నీరు తీసి సముద్రంలోకి వెనక్కి పోయేటప్పుడు ఏటి నడుమ ఉన్న ఇసుక మేట పైకి తేలుతుంది, జనంతో ఉన్న పడవ దాని మీద ఆగిపోతుంది. తాత రోజూ రేవులో నిలబడి నీళ్ళు చూసి, ఇక పోదాం అనుకున్నప్పుడు కేకేసేవాడు. పరీక్షలకు మాత్రం అలా కుదరదన్నారు హెడ్మాస్టరు గారు. ఏ రోజు ఎన్ని గంటలకు బయల్దేరాలో ముందే పట్టిక వేసి బడి గోడకు అంటిస్తే తల్లిదండ్రులు పిల్లలను వేళకు పంపుతారని ఆయన ఆలోచన. ఆ పట్టిక పని నాకు అప్పజెప్పారు. క్లాసులో లెక్కలు బాగా చేసేది నేనే. నా సంతోషం ఇంతా అంతా కాదు.

రేవుకు వెళ్ళి తాతను అడిగాను. ఆయన వల బాగుచేసుకుంటూ చెప్పాడు. "తిథికి రెండు గడియలమ్మా. ఇయ్యాల నీరు ఎప్పుడు అడుక్కి దిగిందో, రేపు దానికంటే రెండు గడియలు ఆలస్యంగా దిగుద్ది. అంతే."

గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలని నాకు తెలుసు. రెండు గడియలు నలభై ఎనిమిది నిమిషాలు. మొదటి పరీక్ష గురువారం, ఆ రోజు విదియ అని, నీరు అడుక్కి దిగే వేళ ఇదీ అని తాతే చెప్పాడు. అక్కణ్ణించి రోజుకు నలభై ఎనిమిది నిమిషాలు కలుపుకుంటూ పోయాను. మా ఇంట్లో ఉన్నది చర్చివాళ్ళ క్యాలెండరు. అందులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి, తిథులు ఉండవు. రోజుకొక తిథి అనుకున్నాను. లెక్కల పరీక్ష వచ్చే సోమవారం నాడు నీరు అడుక్కి దిగేది ఉదయం ఏడూ ఇరవైకని వచ్చింది. మేట దగ్గరికి చేరడానికి పావుగంట పడుతుంది, ఈలోపు పోటు ఎక్కుతుంది కాబట్టి ఏడున్నరకు బయల్దేరాలని రాశాను. ఎర్ర సిరాతో గీతలు గీసి తీసుకెళ్తే హెడ్మాస్టరు గారు కింద సంతకం పెట్టి గోడకు అంటించారు. నేను వచ్చేపోయేవాళ్ళు దాన్ని చదువుతున్నారా లేదా అని దూరం నుంచి చూస్తూ నిలబడేదాన్ని.

గురు, శుక్ర, శనివారాలు పడవ చక్కగా వెళ్ళింది. మా తొమ్మిది మందిలో రైతు కుటుంబం కుర్రాడు రాంబాబు నన్ను ఆటపట్టించడానికి, "కరుణమ్మగారు చెప్పేరంటే ఏరు కూడా వింటదండీ" అనేవాడు. నా లెక్క రుజువైందనుకున్నాను. ఆ మూడు రోజులూ నీరు తెల్లవారకముందే అడుక్కి దిగి, మేం బయల్దేరేసరికి పోటు బాగా ఎక్కి ఉండేదన్న సంగతి నాకు తర్వాత గాని తట్టలేదు. అప్పుడు ఎన్నింటికి బయల్దేరినా పడవ వెళ్ళేదే. తప్పు పట్టే అవకాశం లేని చోట సరిపోయిన లెక్కను రుజువు అనకూడదని నాకు అప్పటికి తెలియదు.

సోమవారం ఏడున్నరకు రేవు వదిలాం. మేం తొమ్మిది మందిమి, తాత. పావుగంటకల్లా పడవ అడుగు ఇసుకలో గీసుకుని ఆగిపోయింది. ఎవరూ కంగారు పడలేదు. పోటు ఎక్కుతోంది కదా, ఐదు నిమిషాల్లో తేలుతుంది అన్నాను. అందరూ సూత్రాలు వల్లెవేసుకుంటూ కూర్చున్నారు. తాత గెడకర్ర నీళ్ళలో దించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క చేతిగడియారం రాంబాబుది, వాళ్ళ నాన్నగారు పరీక్షలకని ఇచ్చింది. ఎనిమిది అయింది. ఎనిమిదీ పది అయింది.

"కరుణమ్మగారి లెక్క ప్రకారం మనం ఇప్పుడు అవతల రేవులో దిగి ఇడ్లీలు తింటన్నామండీ" అన్నాడు రాంబాబు.

"నోరు ముయ్యి. తాతా, పోటు వచ్చేసింది కదా?" అన్నాను.

"ఆయ్" అన్నాడు తాత.

"మరి నీళ్ళు పెరగట్లేదేంటి?"

"ఆయ్, పెరగట్లేదమ్మా."

మళ్ళీ కూర్చున్నాను. మా వైపు ఆయ్ అనే మాట ఎంత మర్యాదైనదో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. చెప్పేది విన్నానని, మీ మాట కాదనను అని, రెండూ అందులోనే ఉంటాయి. ఎనిమిదీ పావు దాటాక పడవ పక్కన ఇసుక మీద ఒక పీత నడుచుకుంటూ పోవడం చూశాను. మేం ఆగినప్పుడు అక్కడ నీళ్ళున్నాయి. 

"తాతా, నిజం చెప్పు. నీరు ఎక్కుతోందా, తీస్తోందా?"

ఆయన నా మొహం చూడకుండా గెడకర్ర చూస్తూ అన్నాడు. "ఇంతసేపూ తీసిందమ్మా. ఇప్పుడిప్పుడే నిలబడతంది."

"నీకు రేవులోనే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పవేం?"

"కాయితం మీద మేష్టారు సంతకం పెట్టేరు కదమ్మా. చదూకున్నోళ్ళు రాసేరు. నాలాంటోడు కాదని ఎలా అంటాడు? ఏదో కొత్త లెక్క కాబోసనుకున్నాను."

ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏడుపు కూడా రాలేదు. నా కళ్ళకు తొమ్మిది మందీ కనబడటం లేదు, మా వెనక తొమ్మిదో తరగతి గదిలో బల్లల మీద కూర్చున్నవాళ్ళు కనబడుతున్నారు. నీరు తిరిగి ఎక్కి పడవ తేలేదాకా ఆగితే గంట పడుతుందని తాత చెప్పాడు. అప్పుడు బయల్దేరితే పది దాటుతుంది. ఆగడానికి లేదు.

ఆ రోజు మొదటిసారి నేను కాగితం లేకుండా, కళ్ళతో చూసి లెక్కపెట్టాను. "మేమందరం ఎక్కినప్పుడు పడవ ఎంత దిగుతుంది తాతా?" అని అడిగాను. "నాలుగు వేళ్ళు దిగుద్దమ్మా" అని చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. తొమ్మిది మందికి నాలుగు వేళ్ళంటే ఒక్కొక్కరికీ అరవేలుకు కాస్త తక్కువ. గెడకర్రతో పడవ పక్కన లోతు చూడమన్నాను. తేలడానికి ఇంకా రెండు వేళ్ళ నీరు కావాలి. అంటే ఐదుగురు దిగితే చాలు. ఈసారి ఊరుకోకుండా, "సరిపోద్దా తాతా?" అని అడిగాను. ఆయన గెడకర్ర మళ్ళీ దించి చూసి, "ఇంకొకరు దిగితే మంచిదమ్మా. తొయ్యడానికి కూడా మనుషులు కావాల" అన్నాడు. ఆయన నా లెక్కను దిద్దడం అదే మొదలు.

మగపిల్లలు ఐదుగురూ దిగారు. ఆరోదాన్ని నేను దిగాను. పరికిణీ ఎగదోపుకుని, హాలు టిక్కెట్టు జడలో దోపుకున్నాను. పరీక్ష అట్టలూ పెన్నులూ పైన ఉన్న ముగ్గురమ్మాయిలకు ఇచ్చాం. నీళ్ళు ఒకచోట మోకాలు దాకా, ఒకచోట నడుం దాకా ఉన్నాయి. రాంబాబు తోస్తూ రొప్పుతూ కూడా ఊరుకోలేదు. "మా ఇంట్లో పంచాంగం ఉంది. అడిగితే చూసి చెప్పేవోణ్ణి కదా. నిన్న ఆదివారం ఒక్కరోజులోనే రెండు తిథులు పడ్డాయని మా అమ్మ పొద్దున్నే అంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

అడగలేదు. వాళ్ళ అరుగు దాటి నేను ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. మా నాన్నగారు కూడా కాయలు పెరట్లోనే దింపి వచ్చేవారు. అడగొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఒక తిథి లెక్కలోంచి జారిపోయింది, నలభై ఎనిమిది నిమిషాలు తప్పాయి. తిథులు రోజుల కొలతకు సరిపడి నడవవని తెలిసిన ఇల్లు మా ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో ఉంది.

మేట దాటేసరికి తొమ్మిదైంది. అవతలి రేవులో, ముందు రోజే ఏరు దాటి వెళ్ళిన హెడ్మాస్టరు గారు చేతిగడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. మమ్మల్ని చూడగానే "పరిగెత్తండి" అన్నారు, తనూ పంచె పైకి కట్టి పరిగెత్తారు. గట్టు మీద మైలున్నర. కేంద్రం గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ యాభై. అక్కడి సూపరింటెండెంటు గారు బురద కాళ్ళతో ఉన్న మమ్మల్నీ రొప్పుతున్న మా హెడ్మాస్టరు గారినీ చూసి, "ఏంటండీ ఇది?" అన్నారు. "ఏరండీ" అన్నారు మా మేష్టారు. ఆయన, "ముందు కాళ్ళు కడుక్కోండమ్మా, కాగితాలు పాడైపోతాయి" అని బావి చూపించారు. అలా ఇంకో రెండు నిమిషాలు పోయాయి.

నాకు వచ్చిన లెక్కలే అన్నీ. అయినా చివరి రెండూ రాయడానికి వేళ చాలలేదు. తడి పరికిణీ బల్లకు అంటుకుని, ఒకచోట గుణకారం తప్పు చేశాను. తొమ్మిది మందిలో నాకంటే ఎక్కువ మార్కులు ఇద్దరికి వచ్చాయి, అందులో ఒకడు రాంబాబు. అందుకు నాకు అప్పుడు బాధ వేసింది, ఇప్పుడు వేయడం లేదు.

ఆ సాయంత్రం నేనే రాంబాబు వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు కింద నిలబడి, "పంచాంగం ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగాను. వాళ్ళమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కింద నిలబడితే ఎలా కనబడుద్దమ్మా, పైకి రా" అన్నారు. అరుగెక్కి ఆవిడ పక్కన కూర్చున్నాను. మిగిలిన పరీక్షల రోజులకు తిథులు చదివి చెప్పారు, నేను రాసుకున్నాను. మర్నాడు తెల్లవారుతూనే రేవుకు వెళ్ళి, ఏటి ఒడ్డున పాతిన గుంజ మీద నీటి గుర్తు పెట్టి, నా లెక్క తాతకు చెప్పాను. "ఇది నీళ్ళతో కలిసిందా తాతా? కలవకపోతే కాదని చెప్పాలి" అన్నాను. ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. ఎంత బతిమాలినా కాదు అనే మాట ఆయన నోట రాలేదు. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నా లెక్క బాగుంటే ఆయ్ అంటాడు, బాగోకపోతే ఏమీ అనకుండా తలపాగా సర్దుకుంటాడు. మిగిలిన పరీక్షల్లో ఒక్కసారే తలపాగా సర్దుకున్నాడు. ఆ రోజు పదిహేను నిమిషాలు ఆలస్యంగా బయల్దేరి హాయిగా వెళ్ళాం.

తొమ్మిది మందీ పాసయ్యాం. పదో తరగతి నిలబడింది. ఆ తర్వాత నేను కాలేజీకి వెళ్ళలేదు. అమ్మకు ఒంట్లో బాగోలేదు, తమ్ముళ్ళిద్దరూ చిన్నవాళ్ళు. హెడ్మాస్టరు గారు ఇచ్చిన పాత పుస్తకాలతో ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు చేపల చెరువులవాళ్ళకు ఎంత నీరు పడుతుందో, ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు ఎన్ని ఇటుకలు పడతాయో వేసి ఇస్తుంటాను. ముందు చెరువు చుట్టూ ఒకసారి తిరుగుతాను. ఆ తర్వాత అక్కడ పనిచేసేవాళ్ళలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిని పట్టుకుని, "మీకెంత అనిపిస్తోందండీ?" అని అడుగుతాను. అప్పుడే కాగితం తీస్తాను. నా చదువు మొత్తం ఇంతే.

వంతెన వచ్చాక మా పిల్లలు ఆటోలో పన్నెండు నిమిషాల్లో కేంద్రానికి చేరుతున్నారు. ఏరు పోటు మీద ఉందో పాటు మీద ఉందో వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. తెలియాలన్న అవసరమూ లేదు. అది పోయిందని నేను దిగులు పడను. పరీక్షకు వెళ్ళే పిల్లకు పాఠం తప్ప వేరే భయం ఉండకూడదు. ఒక్కటి మాత్రం ఆ సభలో చెప్పాల్సింది, చెప్పలేదు. మీ చేతిలో కాగితం చూసి ఎదుటివాళ్ళు మాట్లాడకుండా ఊరుకుంటే, మీరే ఆగి వాళ్ళను అడగాలి.

మేం పాసైన మరుసటి ఏడు, పరీక్షలకు నెల ముందు ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. మామ్మ చాప వేసింది. "మళ్ళీ పట్టిక వెయ్యాలమ్మా, ఈసారి సంతకం నాది కాదు, నూకరాజుది" అన్నారు. తాతకు సంతకం రాదని, వేలిముద్ర సరిపోతుందని నాన్నగారు అన్నారు. అందరం నవ్వుకున్నాం. నేను కాగితం తీసి, మొదట పిల్లలెందరని అడిగాను. పధ్నాలుగు మంది అన్నారు. అందులో ఆడపిల్లలు ఎనిమిది మంది. నేను లెక్క వేశాను. తొమ్మిది మందికి నాలుగు వేళ్ళు దిగిన పడవ, పధ్నాలుగు మందికి ఆరు వేళ్ళకు పైగా దిగుతుంది. మళ్ళీ ఒకసారి వేశాను, తప్పేమీ లేదు.

"ఒక పడవ చాలదండీ మేష్టారూ" అన్నాను.

తొమ్మిది మంది కోసం ఇల్లిల్లూ తిరిగిన ఆయన, కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నారు.

"రెండు పడవలు కావాలండీ."